నా అసమ్మతి రాయండి

మేడ మీద గది,
జనవరి 8

తాళ్ళమ్మా,

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను అరిచాను, నువ్వు అరిచావు, మీ అత్తయ్య వంటింట్లోంచి వచ్చి ఇద్దరి మీదా అరిచింది. ఇకమీదట ఏదున్నా కాగితం మీద పెట్టు. నా చెవులు పోయాయి కానీ కళ్ళు ఇంకా నమ్మకంగానే ఉన్నాయి. పైగా నోటిమాటకి రికార్డు ఉండదు. ముప్ఫై ఒక్కేళ్ళు ఒక కంపెనీకి సెక్రటరీగా చేసి, బోర్డు మీటింగుల్లో పెద్దమనుషులు మాట్లాడిందంతా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించినవాణ్ణి, నాకు తెలుసు. రాసిందే జరిగింది. రాయనిది జరగలేదు.

నాకు అర్థమైనంతవరకు నీ గొడవ ఇది. ఇరవై నాలుగేళ్ళుగా క్రేన్ల ఉక్కు తాళ్ళూ గనుల తాళ్ళూ లాగి, తెంచి, పరీక్ష చేస్తున్నావు. ఇప్పుడు ఏదైనా కంపెనీలో స్వతంత్ర డైరెక్టర్‌గా కూర్చోవాలని ఉంది. అంటే ఆ కంపెనీలో వాటా లేకుండా, ఉద్యోగం లేకుండా, యజమానికి చుట్టం కాకుండా, బోర్డు బల్ల దగ్గర కూర్చుని 'ఇదేమిటి, ఎందుకు' అని అడగడానికే ఉండే మనిషి. నాలుగు కంపెనీలకి రాశావు. నాలుగింటి నుంచీ ఒకటే జవాబు: 'ఇంతకుముందు బోర్డులో కూర్చున్న అనుభవం లేదు.' ఈత వచ్చినవాళ్ళనే నీళ్ళలోకి దిగనిస్తారన్నమాట. ఈ లెక్కన లోకంలో మొట్టమొదటి డైరెక్టరు తల్లి కడుపులోనే ఏదో కమిటీకి అధ్యక్షత వహించి ఉండాలి.

నా పాత లిఫ్టుల కంపెనీలో ఒక కుర్చీ ఖాళీ అయింది. అందులో కూర్చున్నాయన పదేళ్ళు నిద్రపోయి, లేచి చూసుకునేసరికి పదవీకాలం అయిపోయింది. దరఖాస్తు పెట్టు. అక్కడి చైర్మన్ని నేను సింహాసనం అంటాను. మనిషి లేచి వెళ్ళిపోయినా కుర్చీలో ఆ దర్పం అలాగే కూర్చుని ఉంటుంది. నేను రిటైరైన రోజున మైకు పట్టుకుని నన్ను 'మా నమ్మకమైన గుమాస్తా' అన్నాడు. గుమాస్తా! కంపెనీ సెక్రటరీని! చేతికొక గోడ గడియారం ఇచ్చాడు. అది ఆ సాయంత్రమే ఆగిపోయింది. పద్నాలుగేళ్ళుగా మా ఇంట్లో టైము నాలుగుంబావే.

నా రఫ్ నోటు పుస్తకాలు ఇరవై రెండూ పార్సిల్ చేస్తున్నాను. మీటింగులో ఎవరేమన్నారో అక్కడికక్కడ పెన్సిలుతో గీకినవి. బోర్డు అంటే ఏమిటో వాటిలో తెలిసినట్టు ఏ పాఠ్యపుస్తకంలోనూ తెలియదు. నాకు పగ తీర్చుకోవాలని లేదు. కొంచెమే ఉంది.

మీ మావయ్య

తాళ్ళ పరీక్షశాల,
జనవరి 25

మావయ్యా,

మీ కొంచెం పగ పదకొండు కిలోలు తూగింది. మీ అల్లుడు పార్సిల్ మోసుకొచ్చి, "మీ మావయ్య ఆస్తి పంచేశారా?" అన్నారు. "ఆస్తి కాదు, కచ్చ" అన్నాను. "అది మాత్రం అందరికీ సరిపోయేంత ఉన్నట్టుంది" అన్నారు.

దరఖాస్తు పెట్టాను. స్వతంత్ర డైరెక్టర్లకి ఒక పరీక్ష ఉంటుందని మీకు చెప్పలేదు, ఎందుకంటే మొదటిసారి తప్పాను. 'బోర్డు నిర్ణయం మీకు నచ్చకపోతే ఏం చేస్తారు?' అని ప్రశ్న. నేను 'రాజీనామా చేస్తాను' అన్నదానికి టిక్కు పెట్టాను. తప్పట. 'నా అసమ్మతి మినిట్స్‌లో రాయించి, కుర్చీలోనే ఉంటాను' అన్నది ఒప్పు. రెండోసారి ఒప్పు పెట్టి గట్టెక్కాను.

తర్వాత మా పెద్ద సారు దగ్గర అనుమతి. "నీకెందుకమ్మా ఆ పెద్దవాళ్ళ గొడవ? హాయిగా తాళ్ళు తెంపుకోక!" అన్నారు. "తెంపి తెంపి విసుగొచ్చింది సార్, తెగకుండా చూద్దామని" అన్నాను. సంతకం పెట్టడానికి పది రోజులు పట్టింది. పెన్ను దొరకలేదట.

ఎందుకిదంతా అని మీరు అడగలేదు కానీ చెబుతాను. నిరుడు ఓ క్రేన్ తాడులో పోగులు తెగుతున్నాయని ఎర్ర సిరాతో రిపోర్టు పంపాను. మూడుసార్లు పంపాను. మూడుసార్లూ 'పైవాళ్ళ దృష్టికి తీసుకెళ్ళాం' అని జవాబు. ఆ పైన ఏముందో చూడాలి మావయ్యా. నా కాగితాలు ఏ బల్ల మీద చచ్చిపోతున్నాయో ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. మీ కంపెనీ తాళ్ళు మా పరీక్షశాలకి రావు కాబట్టి, కూర్చోవడానికి అడ్డు కూడా లేదు.

మీ మేనకోడలు
(తాళ్ళమ్మ అనడం మానండి. దరఖాస్తులో అదే రాయబోయి ఆగాను.)

మేడ మీద గది,
ఫిబ్రవరి 6

తాళ్ళమ్మా,

ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందని నువ్వు రాసిన కార్డు అందింది. అంటే సగం కొండ ఎక్కినట్టే. మిగతా సగం మెట్లు. బోర్డు గది నాలుగో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు ఉంది, నడవదు. లిఫ్టుల కంపెనీ కదా అని నవ్వకు. నవ్వినవాళ్ళెవరూ ఎంపిక కాలేదు.

లోపల ముగ్గురుంటారు. సింహాసనం సంగతి చెప్పాను. రెండోవాడు తలూపు. ఆయన మెడ పైకీ కిందికీ తప్ప పక్కలకి తిరగదు. మూడోవాడు దగ్గు. ఇబ్బంది పెట్టే మాట ఎవరన్నా ఎత్తితే చాలు, ఆయనకి దగ్గు తెర మొదలవుతుంది. అది తగ్గేసరికి సభ తర్వాతి అంశంలో ఉంటుంది. ఈ ముగ్గురూ పాతికేళ్ళుగా కదలలేదు. ప్రపంచంలో సామ్రాజ్యాలు ఎలా కూలాయో చాలా పుస్తకాల్లో చదివాను. ఇలాంటివి ఎలా కూలవో ఎవరూ రాయలేదు.

ముఖ్యమైన సంగతి. ఫారంలో 'ఈ కంపెనీలో పనిచేసిన బంధువులు' అని ఒక గడి ఉంటుంది. నా సంగతి రాయకు. చట్టంలో బంధువుల జాబితా వెతికాను, మేనమామ లేడు. నిన్ను ఎత్తుకు తిరిగిన భుజం ఇంకా నొప్పి పెడుతోంది. అయినా చట్టం దృష్టిలో నేను దారినపోయే దానయ్యని. ఇది అబద్ధమాడటం కాదు, రాయకపోవడం. ఆ రెండింటికీ మధ్య సన్నటి జాగా ఉంటుంది. నేను ముప్ఫై ఒక్కేళ్ళు కాపురం చేసింది అక్కడే.

మీ మావయ్య

తాళ్ళ పరీక్షశాల,
ఫిబ్రవరి 20

మావయ్యా,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, చదివేముందు కూర్చోండి.

నాలుగు అంతస్తులూ ఎక్కి, ఆయాసం తగ్గాక తలుపు తట్టాను. సింహాసనం గారే మొదలెట్టారు. "మీటింగులు పొద్దస్తమానం సాగుతాయమ్మా. మరి ఇంట్లోవాళ్ళ సంగతి?"

"ఇంట్లోవాళ్ళకి మీ సంగతి చెప్పాను సార్. జాగ్రత్తగా వెళ్ళి రమ్మన్నారు."

దగ్గు గారు దగ్గారు. మీరు చెప్పినట్టే, తెర తెరగా.

తలూపు గారు, "లిఫ్టుల గురించి నీకేం తెలుసమ్మా?" అన్నారు. "మీ భవనంలో మెట్లు ఎనభై నాలుగున్నాయని ఇప్పుడే తెలిసింది సార్" అన్నాను. నవ్వొద్దన్నారు కానీ, నవ్వించొద్దనలేదు కదా. సింహాసనం గారి మీసం ఒక పక్క కదిలింది.

ఇక ఫారం. ఆ గడి దగ్గర నా పెన్ను ఆగింది. చట్టం ప్రకారం ఖాళీగా వదలొచ్చు. కానీ రేపు ఆ బల్ల దగ్గర కూర్చుని 'మీరెందుకు చెప్పలేదు' అని ఒకరిని అడగాల్సివస్తే, నా గడి ఖాళీగా ఉండకూడదు అనిపించింది. పక్కన రాశాను: 'మా మేనమామ ఇక్కడ ముప్ఫై ఒక్కేళ్ళు సెక్రటరీ. చట్టం అడగలేదు, నేనే చెబుతున్నాను.'

సింహాసనం గారు అది చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివి, "సరేనమ్మా" అన్నారు. అంతే.

మీ మేనకోడలు

మేడ మీద గది,
ఫిబ్రవరి 26

అడగనిది చెప్పడం నిజాయితీ కాదు, నోటి దురద. కుర్చీ పోయింది. పద్నాలుగేళ్ళు కాచుకున్న పిట్టని చప్పట్లు కొట్టి లేపావు. మీ అత్తయ్య మాత్రం 'మంచి పని చేసింది' అంటోంది. ఆవిడతో మూడు రోజులుగా మాటల్లేవు. ఆవిడకి సుఖంగానే ఉన్నట్టుంది.

మావయ్య

తాళ్ళ పరీక్షశాల,
మార్చి 15

మావయ్యా,

కుర్చీ పోలేదు. వచ్చింది. ఇప్పుడు నేను మీ కంపెనీలో స్వతంత్ర డైరెక్టర్ని.

పూర్తిగా సంతోషించలేకపోతున్నాను. ఎందుకో వినండి. సింహాసనం గారే స్వయంగా ఫోన్ చేశారు. "ఆయన మేనకోడలివని ముందే చెప్పొద్దూ! ముప్ఫై ఒక్కేళ్ళలో ఆయన కలం మమ్మల్ని ఒక్కసారి గుచ్చలేదమ్మా. ఆ ఇంటి పిల్లవంటే మాకు నిశ్చింత" అన్నారు.

అంటే నన్ను తీసుకున్నది నా తాళ్ళు చూసి కాదు, మీ కలం చూసి. గుచ్చలేదంటే ఏమిటి మావయ్యా? మీరు నాకు చెప్పిన కథల్లో మీ కలం కత్తిలా ఉండేది.

ఏప్రిల్ పద్నాలుగున నా మొదటి మీటింగు. ఎజెండాలో ఆరో అంశం: లిఫ్టు తాళ్ళు ఐదేళ్ళకోసారి మార్చే నియమాన్ని ఎనిమిదేళ్ళకి పెంచడం. ఆరేళ్ళ తాడుని నేను ఎన్నిసార్లు విప్పి చూశానో నాకే గుర్తులేదు. లోపలి పోగులు పాత చీపురులా ఉంటాయి. ఎనిమిదేళ్ళంటే దేవుడే లాగాలి.

మీ మేనకోడలు

మేడ మీద గది,
మార్చి 22

తాళ్ళమ్మా,

శుభం. ఇక కొన్ని కిటుకులు. కిటికీ వైపు కూర్చోకు, వెలుతురు నీ మొహం మీద పడి నువ్వేమనుకుంటున్నావో వాళ్ళకి ముందే తెలిసిపోతుంది. టీ రాకముందే ప్రశ్న అడుగు. టీ వచ్చాక బిస్కెట్ విరిగే చప్పుడు తప్ప ఎవరికీ ఏదీ వినపడదు. మినిట్స్ మీటింగుకి ముందే టైపై ఉంటాయి, డ్రాఫ్టు అడిగి చూడు. ఆ ఆచారం పెట్టింది నేనే. సభ ఎలాగూ అలాగే జరుగుతుంది, టైము కలిసొస్తుంది.

వాతావరణం వేడెక్కింది. మీ అత్తయ్య మాట్లాడుతోంది, అదీ ఒక వేడే.

అన్నట్టు, రఫ్ పుస్తకాల్లో పద్దెనిమిదోది వెంటనే వెనక్కి పంపు. అందులో నేను నడివయసులో రాసుకున్న కవితలున్నాయి. చదవకు, సిగ్గు.

మీ మావయ్య

తాళ్ళ పరీక్షశాల,
ఏప్రిల్ 2

మావయ్యా,

పద్దెనిమిదో పుస్తకంలో కవితలు లేవు. మీరు చదవొద్దన్నారు కాబట్టి రెండుసార్లు చూశాను.

పంతొమ్మిదేళ్ళ కిందటి మీటింగు ఉంది. మీ పెన్సిలు రాత ఇది ('లె.పం.' అంటే లెక్కల పంతులమ్మ అనే డైరెక్టరని మొదటి పేజీలో మీరే రాసుకున్నారు): 'తాళ్ళు మార్చే గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకి. లె.పం.: పాత తాళ్ళ పరీక్ష రిపోర్టులు బల్ల మీద పెట్టనిదే ఒప్పుకోను. సిం. నవ్వాడు. దగ్గు. లె.పం. లేచి నిలబడింది. నా అసమ్మతి రాయండి అంది. సిం. నా వైపు చూశాడు.' ఆ తర్వాత ఏమీ లేదు. కాగితంలో చిన్న చిల్లు. పెన్సిలు ముక్కు విరిగినట్టుంది.

డైరెక్టర్ని కదా, రికార్డు గదికి వెళ్ళి అసలు మినిట్స్ తీయించాను. మీ చక్కటి భాషలో ఉంది: 'సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు.' మరుసటి నెల: 'లెక్కల ప్రొఫెసరు గారు వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేశారు.' రెండింటి కిందా మీ సంతకం, ముత్యాల కోవలా.

ఇరవయ్యో పుస్తకం కూడా చూశాను. రెండేళ్ళ తర్వాతిది. ఒకటే ముక్క: 'లిఫ్టు రెండంతస్తులు జారింది. నడిపే మనిషి కాలు విరిగింది. తాడు వయసు నాలుగున్నర.' మూడేళ్ళ నియమం ఉంటే ఆ తాడు అక్కడ ఉండేది కాదు.

గుమాస్తా అన్నందుకు మీరు పద్నాలుగేళ్ళు మండిపడ్డారు. ఆయన మరీ తప్పుగా అనలేదేమోనని నాకు మొదటిసారి అనిపించింది. రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను. మీరే కదా, ఏదున్నా కాగితం మీద పెట్టమన్నది.

లెక్కల పంతులమ్మ గారు ఇప్పుడు ఎక్కడుంటారు?

మీ మేనకోడలు

తాళ్ళ పరీక్షశాల,
ఏప్రిల్ 16

మావయ్యా,

మీ నుంచి జవాబు లేదు. ఉన్నా లేకపోయినా మీటింగు సంగతి మీకు చెప్పకుండా ఉండలేను.

కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. డ్రాఫ్టు అడిగాను. కొత్త సెక్రటరీ నవ్వుతూ ఇచ్చాడు. ఆరో అంశం పక్కన అప్పటికే 'ఏకగ్రీవం' అని టైపై ఉంది. మీ ఆచారం క్షేమంగా ఉంది.

టీ రాకముందే లేచాను. "ఎనిమిదేళ్ళకి నేను ఒప్పుకోను. ముందు తాళ్ళ పరీక్ష రిపోర్టులు చూపించండి. లేదంటే నా అసమ్మతి రాయండి."

దగ్గు గారు మొదలెట్టారు. నేను మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపి, తగ్గేదాకా నిలబడే ఉన్నాను. పాపం, అంతసేపు దగ్గడం ఆయనకి అలవాటు లేదు.

కొత్త సెక్రటరీ పెన్ను గాల్లో ఆగింది. చైర్మన్ వైపు చూశాడు. మావయ్యా, ఆ చూపు నేను పద్దెనిమిదో పుస్తకంలో చదివాను.

"మీ మావయ్యగారి రోజుల్లో ఇలాంటివి ఎరగమమ్మా" అన్నారు సింహాసనం గారు.

"ఒకటి ఉంది సార్. పంతొమ్మిదేళ్ళ కిందట, ఇదే బల్ల, ఇవే తాళ్ళు. మినిట్స్‌లోకి ఎక్కలేదంతే."

ఆయన మొహం ఎర్రబడింది. "పెన్సిలు గీతలు ఎవరైనా గీస్తారు. అది నిజమని ఆయన చేత సంతకం పెట్టించుకురా. లేదంటే ఈ బోర్డు మీద నింద వేసినందుకు నీ కుర్చీ సంగతి మాట్లాడుకుందాం" అన్నారు. ఆరో అంశం వచ్చే నెలకి వాయిదా పడింది. మే పదహారు.

నేను మిమ్మల్ని అడగను మావయ్యా. మీరు పెట్టకపోతే నా కుర్చీ పోతుంది, ఎనిమిదేళ్ళు ఖాయమవుతుంది. పెడితే మీ ముత్యాల కోవ పోతుంది. ఏది చేసినా కాగితం మీద చెయ్యండి.

మీ మేనకోడలు

మేడ మీద గది,
మే 3

అమ్మా,

నెల రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. కోపం రావడానికి కారణాలు పదహారు రాసుకున్నాను. మీ అత్తయ్య ఆ కాగితం చదివి, "పదిహేడోది రాయలేదేం? అది చెప్పింది నిజం" అంది. తర్వాత నా చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

పంతులమ్మ గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆవిడకి ఎనభై నాలుగు. మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, మన కంపెనీదే, నడవదు. నా మోకాళ్ళు ఒక్కో మెట్టు దగ్గరా తమ అసమ్మతి తెలియజేశాయి.

అక్కడ జరిగింది ఎంత ప్రయత్నించినా మామూలు ఉత్తరంలా రాయలేకపోయాను. నాకు వచ్చిన పద్ధతిలోనే రాస్తున్నాను. ఇవి సభ తర్వాత రాసిన మినిట్స్. నా జన్మలో మొదటివి.

'హాజరు: లెక్కల పంతులమ్మ గారు, మాజీ సెక్రటరీ.

అంశం ఒకటి. మాజీ సెక్రటరీ తానెవరో చెప్పారు. పంతులమ్మ గారు "తెలుసు, చేతిరాత బాగుంటుంది" అన్నారు.

అంశం రెండు. మాజీ సెక్రటరీ క్షమాపణ కోరుతూ ఇంట్లో రాసుకొచ్చిన పేజీన్నర చదవడం మొదలుపెట్టారు. పంతులమ్మ గారు మధ్యలో ఆపి, విశేషణాలు తీసేసి చదవమన్నారు. మిగిలింది రెండు వాక్యాలు.

అంశం మూడు. క్షమాపణ అంగీకరించబడలేదు. "ఆ లిఫ్టు మనిషి కాలు విరిగినప్పుడు ఆస్పత్రికి వెళ్ళి చూశాను. మీరు వెళ్ళారా?" అని అడిగారు. మాజీ సెక్రటరీ వెళ్ళలేదు.

అంశం నాలుగు. పంతులమ్మ గారు కాఫీ ఇచ్చారు. దీన్ని క్షమాపణ అంగీకారంగా భావించరాదని, ఈ ముక్క మినిట్స్‌లో రాయాలని కోరారు. రాయడమైనది.'

ఒప్పుకోలు పత్రం జత చేశాను. ఆవిడ సాక్షి సంతకం కూడా ఉంది. ఆ రోజు ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరినీ వరసగా రాశాను, తలూపు, దగ్గు సహా. ఆవిడ రెండు తప్పులు దిద్దారు.

చివరగా ఒక కిటుకు. మీటింగుకి ఇరవై రెండు పుస్తకాలూ మోసుకెళ్ళి బల్ల మీద పెట్టు. తెరవకు. ఏమీ అనకు. గుమ్మడికాయల దొంగ ఎవరో ఎవరూ అడగక్కర్లేదు, భుజాలే చెబుతాయి.

నీ మావయ్య (మాజీ గుమాస్తా)

తాళ్ళ పరీక్షశాల,
మే 18

మావయ్యా,

పదకొండు కిలోలు, ఎనభై నాలుగు మెట్లు. మీ అల్లుడు మూడో అంతస్తు దాకా మోసి, "మిగతాది నీ పగ, నువ్వే మోసుకో" అన్నారు.

పుస్తకాలు బల్ల మీద పేర్చి కూర్చున్నాను. మీ పత్రం చదివాను. తలూపు గారు వెన్నుల మీద అంకెలు చూస్తూ, "ఇవి... ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అమ్మా?" అని అడిగారు. "అన్నీ ఉన్నాయి సార్" అన్నాను. నిజమే కదా.

అంతవరకు పైకీ కిందికీ తప్ప కదలని ఆ మెడ, మావయ్యా, నా కళ్ళతో చూశాను, పక్కలకి తిరిగింది. "ఎనిమిదేళ్ళు ఎక్కువేనేమో" అన్నారు. దగ్గు గారు ఈసారి దగ్గలేదు, చెయ్యెత్తారు. మిగతావాళ్ళూ ఎత్తారు. ఎనిమిదేళ్ళు పోయింది. ఐదేళ్ళు కూడా పోయింది. మళ్ళీ మూడేళ్ళు. లిఫ్టు మనిషి సంగతి వచ్చే మీటింగులో మొదటి అంశం. పంతులమ్మ గారి అసమ్మతి, పంతొమ్మిదేళ్ళు ఆలస్యంగా, మినిట్స్‌లోకి ఎక్కింది.

కొత్త సెక్రటరీ అలవాటు కొద్దీ 'ఏకగ్రీవంగా' అని రాయబోయాడు. అప్పుడు లేచారు సింహాసనం గారు. బల్ల మీద గుద్ది, "ఏకగ్రీవమేమిటి? నేను ఒప్పుకోలేదు! నా అసమ్మతి రాయండి!" అన్నారు.

సెక్రటరీ పెన్ను గాల్లో ఆగింది. ఈసారి నా వైపు చూశాడు.

"రాయి నాయనా" అన్నాను. "ఆయన ఎలా అన్నారో అలాగే రాయి. ఒక్క అక్షరం పోకూడదు."

మీ తాళ్ళమ్మ